రెండో కంచం

పాలపాకెట్టు మూల కత్తిరించడానికి రెండు చేతులు కావాలని ఎవరైనా ఎప్పుడైనా ఆలోచించారా? జ్యోతిర్మయి ఆలోచించలేదు. నలభై ఏడేళ్ళు వచ్చేదాకా, తొమ్మిది నెలల కిందట ఒక మంగళవారం ఉదయం కుడిచెయ్యి ఆమె మాట వినడం మానేసేదాకా ఆ సంగతి తట్టనే లేదు. ఒక చెయ్యి పట్టుకుంటుంది, ఇంకో చెయ్యి కోస్తుంది. కోసే చేతికే పేరు. పట్టుకునే చెయ్యి చేసేది కూడా పనేనని, పట్టుకోడానికి చెయ్యి మిగలనప్పుడు గాని తెలియదు.

ఆ గురువారం పొద్దున్న ఏడుంపావుకి ఆమె పాకెట్టుని వంటగట్టు అంచుకి ఆనించి, పొట్టతో నొక్కిపట్టి, ఎడమచేత్తో కత్తెర ఆడించింది. కత్తెరలు కూడా కుడిచేతివాళ్ళ కోసమే చేస్తారు కాబోలు, ఎడమచేత్తో పట్టుకుంటే పాకెట్టు నలుగుతుంది గాని తెగదు. నాలుగోసారికి తెగింది. తెగడంతోపాటే పాకెట్టు జారింది. అరలీటరు పాలు గట్టు మీంచి చీర కుచ్చిళ్ళ మీదికి, అక్కణ్ణించి నేలమీదికి పోయాయి.

"ఏటయిందే?" అంది ముందుగదిలో మంచం మీంచి అత్తగారు అప్పలనర్సమ్మ. చప్పుడు వినగానే ఆవిడకి సంగతి తెలుసు, అయినా అడుగుతుంది. "పాలేనా? సర్లే, ఏటి సేత్తాం. నువ్వొచ్చి కూకో. ఏటీ ముట్టుకోకు."

తిట్టలేదు. అదే జ్యోతిర్మయికి ఒళ్ళు మండించేది. తిడితే బాగుండేది. కోడలిగా ఈ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరులో అడుగుపెట్టిన ఇరవై నాలుగేళ్ళలో ఆమెని ఒక్కరు కూర్చోమనలేదు. పొద్దున్నే లేచి అత్తమామలకి కాఫీ, ఆడపడుచుకి స్నానం, మొగుడికి డబ్బా, కూతురికి జడలు, మళ్ళీ సాయంత్రం దాకా ఏదో ఒకటి. కూర్చోమని ఎవరైనా అంటారేమోనని మొదట్లో ఎదురు చూసింది, తర్వాత ఆ ధ్యాసే పోయింది. ఇప్పుడు ఇంట్లో అందరికీ వచ్చిన మాట అదొక్కటే. కూర్చో జ్యోతీ. కూకో అమ్మీ. రాయపూర్‌లో చదువుకుంటున్న కూతురు ప్రత్యూష ఫోన్‌లో కూడా అదే: "మమ్మీ, ఆరామ్ సే బైఠో న, ఎందుకు తిరుగుతావ్?" కూర్చుంటే ఆమెకి ఊపిరాడదు. కూర్చున్న చోటు నుంచి ఇల్లంతా కనబడుతుంది, ఆ ఇంట్లో తను చేయని పనులన్నీ కనబడతాయి. అందుకే లేస్తుంది, వంటగదిలోకి వెళ్తుంది, ఏదో ఒకటి ఒలకబోస్తుంది.

మసిగుడ్డ పట్టుకుని అసిరి వచ్చింది. అసిరమ్మ అసలు పేరు. జ్యోతిర్మయి మొగుడు రమణబాబుకి చెల్లెలు, నలభై రెండేళ్ళ మనిషి. ఏడాది పిల్లప్పుడు జ్వరంలో ఫిట్సు వచ్చి ఎడమచెయ్యి మణికట్టు దగ్గర లోపలికి ముడుచుకుపోయింది, ఎడమకాలు ఈడుస్తుంది, మాట ముద్దగా వస్తుంది, పదికి పైన లెక్క రాదు. ఆమె గుడ్డని నేలమీద వేసి కుడికాలితో తుడిచేసింది. తర్వాత ఫ్రిజ్‌లోంచి ఇంకో పాకెట్టు తీసి, గోడకి చేరబడి నేలమీద కూర్చుని, గిన్నెని అరికాళ్ళ మధ్య ఇరికించింది. పాకెట్టు మూల పళ్ళతో పట్టి ఒక్క లాగు లాగింది. చుక్క కింద పడలేదు.

"అలగ, వొదినా," అంది గర్వంగా.

ఇరవై ఏళ్ళపాటు ఆ పళ్ళ పని మీద, ఆ కాళ్ళ పని మీద జ్యోతిర్మయి యుద్ధం చేసింది. ఛీ, పళ్ళతో ఏమిటే అది, కుక్కలాగా. గిన్నె కాళ్ళమధ్య పెడతావా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు. ఒకసారైతే, గిన్నెలు సరిగ్గా తోమకపోతే కంచం పెట్టను, తిన్నదానికైనా పని చేయాలి కదా అంది. అన్నమాటకి కట్టుబడి ఆ పూట కంచం పెట్టలేదు కూడా. అసిరి వెళ్ళి పెరటి మెట్టుమీద కూర్చుంది. ఆ రోజు జ్యోతిర్మయికి ఒంట్లో బాగాలేదు, పొద్దుట్నించీ బట్టల పని, అత్తగారి సణుగుడు, ఆ కోపం ఎవరి మీద చెల్లుతుందో వాళ్ళ మీదే పడింది. అలా సర్దిచెప్పుకుంది అప్పట్లో.

ఇప్పుడు మూడు నెలలుగా ప్రతి మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళ ఆ విద్యలే నేర్చుకుంటోంది. లోపలి లంగా బొందు ఒక కొస పళ్ళతో పట్టి ముడివేయడం, మిరపకాయ తొడిమ బొటనవేలి గోటితో తుంపడం, చపాతీపిండిని మోచేత్తో అదమడం. అసిరికి నేర్పడం రాదు, చేసి చూపిస్తుందంతే. పదిసార్లు చూపించమన్నా చూపిస్తుంది. జ్యోతిర్మయి తనకి నేర్పినప్పుడు రెండోసారికే విసుక్కునేదని ఆమెకి గుర్తున్నట్టు లేదు. గుర్తుందేమో కూడా, ఆమెకి ఏవి గుర్తుంటాయో ఎవరు కనుక్కున్నారు?

ఎనిమిదిన్నరకి రమణబాబు రాత్రి డ్యూటీ నుంచి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే సంచిలోంచి ఒక కాగితం తీసి బల్లమీద పెట్టి, దానిమీద కళ్ళజోడు పెట్టాడు. "దొరికింది," అన్నాడు. "కర్గీ రోడ్ స్టేషన్లో దిగితే ఆటోకి పావుగంట. మంచి చోటు, మొక్కలూ అవీ ఉన్నాయి. రేపు పొద్దున్న పాసింజరుకి రమ్మన్నారు."

ఆ మాట రెండు నెలలుగా నలుగుతూనే ఉంది. అసిరిని ఏదైనా ఆశ్రమంలో పెట్టాలి, ఇక ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరు అని. జ్యోతిర్మయి ఔననలేదు, కాదనలేదు. కాదనడానికి తన దగ్గర ఏముంది? వంటమనిషిని పెడితే అత్తగారికి ఆ వంట పడలేదు, బుధవారీ బజారు నుంచి డబ్బా వస్తోంది, అది రమణబాబుకి పడటం లేదు. ఇల్లు నడవట్లేదని అందరూ అంటున్నారు. నడిపే మనిషి ఆగిపోయింది కదా.

"నీ పరిస్థితి చూసే ఈ పని చేస్తన్నాను జ్యోతీ," అన్నాడు. "నువ్వు బాగుంటే నేనిలాటి ఆలోచన చేస్తానేటి? ఇంట్లో ఇద్దరు పనికిరానోళ్ళుంటే ఎలా..." ఆగాడు. "అంటే, నా ఉద్దేశం అది కాదు."

"అచ్ఛా," అంది జ్యోతిర్మయి. ఇంకేమనాలో తెలియనప్పుడు ఈ ఊళ్ళో అందరూ అనే మాటే అది.

అసిరి గుమ్మంలో నిలబడి వింటోంది. రమణబాబు ఆమె వైపు తిరిగి చిన్నపిల్లతో మాట్లాడే గొంతు పెట్టాడు. "రేపు బండెక్కుదామమ్మా. పని చెయ్యలేనోళ్ళుండే చోటు. బాగా చూస్తారు. రోజూ అక్కడే ఉండొచ్చు."

"బండా?" అంది అసిరి. ఆమెకి బండంటే ప్రాణం. నలభై రెండేళ్ళుగా బొగ్గు వేగన్ల చప్పుడు మధ్య పెరిగిన మనిషిని బండెక్కించినవాళ్ళు మాత్రం తక్కువ. నవ్వుకుంటూ లోపలికి పోయింది.

రమణబాబు తిని, కిటికీ తెర లాగి పడుకున్నాడు. సంతకం సాయంత్రం పెట్టొచ్చులే అన్నాడు. చూసుకునే మనిషి సంతకం కావాలట కింద. జ్యోతిర్మయి కాగితం తీసుకుంది. హిందీలో అచ్చువేసిన ఫారం, వంకర అక్షరాలతో అతనే నింపాడు. ఇంట్లో ఎందుకు చూసుకోలేకపోతున్నారు అన్నచోట 'పత్నీ కో లక్వా' అని రాశాడు. భార్యకి పక్షవాతం. ఏయే పనులు చేయగలరు అన్నచోట 'కుఛ్ నహీ'. ఏమీ లేదు.

కుఛ్ నహీ. ఆ రెండు మాటలు అసిరి గురించి రాసినవి. పై గడిలో తన సంగతి, కింది గడిలో అసిరి సంగతి. జ్యోతిర్మయి కాగితం పెట్టేసి ముందుగదికి వెళ్ళింది, అక్కణ్ణించి వెనకగదికి వచ్చింది, పెరటి తలుపు తీసి మళ్ళీ వేసింది. రెండు గదుల క్వార్టరులో ఎంతదూరమని తిరుగుతారు? కాళ్ళు ఆగట్లేదు.

కళ్ళజోడు ఇంకా బల్లమీదే ఉంది. ఆరేళ్ళ కిందట ఆ కళ్ళజోడు కథేమిటో ఈ కాలనీలో ఇద్దరు ముగ్గురికి తప్ప తెలియదు. రమణబాబు గూడ్సు బండ్ల డ్రైవరు. డ్రైవర్లకి రైల్వే వాళ్ళు ఎప్పటికప్పుడు కంటిపరీక్ష చేస్తారు. ఆ ఏడు ఫెయిలయ్యాడు. సిగ్నలు చూడలేని మనిషిని ఇంజనెక్కనివ్వరు, డీక్యాటగిరీ చేస్తారు. అంటే ఇంటికి పంపేయడం కాదు. ఆ కళ్ళతో ఏ పని చేయగలడో చూసి ఆ కుర్చీ వెతికి పెడతారు. గ్రేడు తగ్గదు, జీతం తగ్గదు. డ్రైవర్లు డ్యూటీ ఎక్కేముందు సంతకం చేసే లాబీలో రమణబాబుకి ఒక బల్ల, ఒక కంప్యూటరు ఇచ్చారు. నీ కన్ను పోయింది, నీతో మాకేం పని అని రైల్వేలో ఎవరూ అనలేదు.

అయినా అతను ఆరునెలలు మంచం దిగలేదు. అన్నం ముందు కూర్చుని ఏడ్చేవాడు. నేను దేనికీ పనికిరానే జ్యోతీ అనేవాడు. అప్పుడామె ఏం చేసిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అరవై బూందీ లడ్డూలు చేసింది, రెండు చేతులతో, ఒక్కతే, పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా పొయ్యి ముందు నిలబడి. ఆయనకి ఆఫీసుకి ప్రమోషనొచ్చింది అని కాలనీ అంతా పంచింది. ఒక పళ్ళెం అసిరికిచ్చి పక్క క్వార్టరు మంగాయమ్మకి పంపింది. పావుగంటలో మంగాయమ్మే పరిగెత్తుకొచ్చింది. "ఏటమ్మా, రమణబాబుకి కళ్ళు కనబడ్డం నేదంట? అందుకే లడ్డూలంట?"

అసిరి చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది. జ్యోతిర్మయి పకపకా నవ్వి, "దానికేం తెలుసు వదినగారూ," అని మంగాయమ్మని పంపించి, తలుపు వేసి, అసిరి చెంప మీద కొట్టింది. ముప్ఫై ఆరేళ్ళ మనిషిని. అసిరి ఏడవలేదు. చెంప పట్టుకుని, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది. "మరి కనబడతన్నాయా?"

దానికేం తెలుసు అన్న మాట ఆ రోజుతో ఇంట్లో స్థిరపడిపోయింది. అందరూ వాడతారు. రమణబాబు క్రమంగా ఆ ప్రమోషన్ని నమ్మేశాడు కూడా. ఇంజను ఎక్కేటప్పుడు డ్రైవర్లు వెంట తీసుకెళ్ళే నల్లరేకు పెట్టె ఉంటుంది, లైన్‌బాక్సు. అది మంచం కిందికి తోసేశాడు, దాని ఊసెత్తితే మాత్రం మొహం ముడుచుకుంటాడు.

పన్నెండింటికి అప్పలనర్సమ్మ మంచం మీంచి పిలిచింది. "రాయే, ఇలగ రా." వెళ్తే, మోకాళ్ళు రాసుకుంటోంది. ఆవిడకి డెబ్భై రెండు. ఆవిడ మొగుడు ఆమదాలవలస నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్డులో ఖలాసీగా చేరిన మనిషి. రాసుకుంటూనే అంది: "నా కూతురే. నాకిట్టమేటి పంపడం? నువ్వు బాగున్నన్నాళ్ళు దైర్నంగుండేదాన్ని. నాను పోయినా కోడలు సూసుకుంటాది, పనిమంతురాలు అనుకునేదాన్ని. ఇప్పుడేటి సేత్తాను?"

పనిమంతురాలు. పెళ్ళిచూపుల్లో కూడా ఆవిడ అన్న మాట అదే. మాకింకేటీ వొద్దు, పనిమంతురాలు కావాల. పార్వతీపురంలో ఆ రోజు తను ఎంత పొంగిపోయింది. అందగత్తె అన్నదానికంటే, చదువుకుంది అన్నదానికంటే అదే గొప్పగా అనిపించింది. ఇరవై నాలుగేళ్ళు ఆ మాట నిలబెట్టుకోడానికే చచ్చింది. ఇప్పుడు అర్థమవుతోంది, వాళ్ళకి కావలసింది ఆ పని. దాన్ని మోసుకొచ్చిన మనిషి తనొకతి ఉందని ఎవరూ పెద్దగా గమనించుకోలేదు. తను కూడా గమనించుకోలేదు. అదీ బాధ. అత్తగారి మీద కోపం తెచ్చుకుందామంటే ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి, ఆవిడకీ ఎవరూ ఎప్పుడూ కూర్చోమని చెప్పి ఉండరు, మోకాళ్ళు పోయేదాకా.

"మీరు పడుకోండి అత్తయ్యా," అంది.

వెనకగదిలోకి వెళ్తే అసిరి నేలమీద కూర్చుని ఉంది. లైన్‌బాక్సు మంచం కిందనుంచి బయటికి లాగి, దుమ్ము తుడిచి, మూత తెరిచి పెట్టింది. లోపల సర్దుతోంది. తన రెండు నైటీలు, దువ్వెన, సబ్బుముక్క, సొట్టపడ్డ తన స్టీలు కంచం. ఆ కంచం మీద ఇంకో కంచం ఉంది, అంచుమీద చుక్కలతో 'జ్యోతిర్మయి' అని చెక్కించిన పెళ్ళినాటి కంచం. దానిపక్క జ్యోతిర్మయి రోజూ కట్టుకునే నేతచీరలు రెండు, ఉండచుట్టి. బీపీ మాత్రల డబ్బా. ఆకుపచ్చ దువ్వెన.

"నావెందుకు పెట్టావే?" అంది జ్యోతిర్మయి.

"మల్లా అక్కడ దొరుకుతాయో నేదో," అంది అసిరి, మాత్రల డబ్బా మూత బిగుసుకుందో లేదో పళ్ళతో చూస్తూ.

"అది కాదు. నేనెందుకు వస్తాను?"

అసిరి ఆమెని వింతగా చూసింది. ఇంత చిన్న విషయం వదినకి ఎందుకు తెలియలేదా అన్నట్టు. "అన్న సెప్పినాడు కదా. పని సేయలేనోలుండే చోటని. నీ చెయ్యి కూడా పోనాది కదా వొదినా." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. "రేపు మనిద్దరం ఎల్తాం. అమ్మకి మోకాళ్ళు, అమ్మ తరవాత బండికొస్తాది. అన్నకి కళ్ళద్దాలు. అన్న ఆ తరవాత." కొంచెం ఆలోచించి, "అన్న పెట్టె మనం అట్టుకెల్లిపోతే అన్నకి పెట్టె ఎలగ?" అంది దిగులుగా.

జ్యోతిర్మయి గోడకి ఆనుకుంది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, ఏదీ పూర్తిగా రాలేదు. పదికి పైన లెక్క రాని మనిషి వేసిన లెక్క ఇది. ఎక్కడ తప్పు పట్టగలరు? అన్న చెప్పిన నియమాన్ని అన్న చెప్పినట్టే తీసుకుని ఇంట్లో అందరికీ వర్తింపజేసింది. చిన్నది పెద్దది చూడలేదు, తనని పరాయి చేసి వాళ్ళని మినహాయించలేదు. ఎవరినీ వెనక వదిలేయలేదు. వదిన కంచం మర్చిపోలేదు. ఒక పూట తనకి కంచం పెట్టని వదిన కంచం.

తర్వాత రెండు గంటలు ఆమె ఆ రెండు గదుల మధ్య తిరిగింది. ఏం చెప్పాలో కూర్చుకుంటూ తిరిగింది. అసిరి నాకు సాయం చేస్తోందండీ, ఆమె లేకపోతే నాకు బొందు కట్టుకోవడం కూడా రాదు, కుఛ్ నహీ అని ఎందుకు రాశారు, ఎన్ని పనులు చేస్తుందో నేను చెప్తాను రాయండి. పాలపాకెట్టు, మిరపకాయలు, నేల తుడవడం. పెరటి గుమ్మం దాకా వచ్చేసరికి ఆ వాక్యాలు బాగా కుదిరాయి. మళ్ళీ వెనక్కి తిరిగేసరికి అవే తప్పుగా తోచాయి. పనికొస్తుంది కాబట్టి ఉంచండి అంటే, పనికిరాని రోజున పంపేయండి అని తన నోటితో తనే చెప్పినట్టు కదా? రేపు అసిరి కుడిచెయ్యి కూడా పోతే? మంచంలో పడితే? తన ఎడమచెయ్యి పోతే? ఏ గడిలో ఏం రాసి నిలబెట్టుకోవాలి? ఇంట్లో మనిషి ఉండటానికి కారణం చెప్పాలని ఎవరు పెట్టారు? రమణబాబుని ఎందుకు ఉంచుకున్నాం అని ఈ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? అతను మంచం దిగని ఆరునెలలూ మూడు పూటలా కంచం పెట్టింది, ఏ ఫారం నింపించుకోకుండా.

నాలుగింటికి రమణబాబు లేచి వచ్చి బల్లముందు కూర్చున్నాడు. "టీ," అన్నాడు. అతను ఆ మాట ఎప్పుడూ ఎవరితోనూ అనడు, గాల్లోకి అంటాడు, కాసేపటికి గాల్లోంచి టీ వస్తుంది. ఈ మధ్య ఆలస్యమవుతోంది, అంతే. కళ్ళజోడు పెట్టుకుని, కాగితం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసి, "ఎడమచేత్తోనే పెట్టు, పరవాలేదన్నారు," అన్నాడు.

జ్యోతిర్మయి ఎడమచేత్తో లైన్‌బాక్సు ఈడ్చుకుంటూ వచ్చి అతని కాళ్ళ దగ్గర ఆపింది. వెనకే అసిరి.

"ఇదేటి, దీన్నెందుకు తీసినారు?" అతని మొహం ముడుచుకుంది. మూత తీశాడు. "నీ చీరలేటి ఇందులో?"

"అసిరి సర్దింది. నేనూ పని చేయలేనిదాన్నే కదా. రేపు మేమిద్దరం. తర్వాత బండికి అత్తయ్య. ఆ తర్వాత మీరు."

రమణబాబు నవ్వేశాడు. "దానికేం తెలుసు."

తను నేర్పిన మాట. లడ్డూల రోజున తన నోటినుంచి పుట్టిన మాట ఇన్నాళ్ళకి తన ముందుకే వచ్చి నిలబడింది. జ్యోతిర్మయి అందుకుంది. "తెలుసు. ఆ రోజు మంగాయమ్మగారితో చెప్పింది కూడా నిజమే. అబద్ధమాడింది నేను. కళ్ళు పోతే మీ విలువ పోయిందనుకుంటారని భయపడి లడ్డూలు పంచాను. పోయిందని నేనూ నమ్మాను కాబట్టే పంచాను. నమ్మకపోతే దాచేదాన్నా? నిజం చెప్పినదాన్ని కొట్టాను." అసిరి వైపు తిరిగింది. "తప్పు చేశాను అసిరీ."

అసిరి తల ఊపింది. ఆ సంగతి ఆమెకి గుర్తుందని అప్పుడు తెలిసింది.

రమణబాబు మెడ దాకా ఎర్రబడ్డాడు. ముందుగది మంచం కిర్రుమంది, అప్పలనర్సమ్మ లేచి కూర్చుంది. "ఇప్పుడా మాటలెందుకు," అన్నాడు మెల్లిగా. "అది వేరు. అది రూలు. నాకు సర్వీసుంది."

"ఉంది. కన్ను పోతే కుర్చీ వెతికారు, బాగానే చేశారు. నాకూ ఈ ఇంట్లో ఇరవై నాలుగేళ్ళ సర్వీసుంది. ఇంకా ఎక్కువే, సెలవు లేదుగా. అసిరికి లేదు. ఏ సర్వీసూ లేదు. మీరు రాసింది నిజమే అనుకుందాం, ఏమీ చేయలేదు. అయినా ఎక్కడికీ వెళ్ళదు. ఇది ఆమె ఇల్లు. ఇంకో కారణం నేను చెప్పను. ఆ కాగితం మీద నా సంతకం పడదు."

అతను పెన్ను బల్లమీద పెట్టేశాడు. విసురుగా కాదు. నిజంగానే దిక్కుతోచని మనిషిలాగా అడిగాడు. "మరి ఎలా జ్యోతీ? నువ్వే చెప్పు. ఇంట్లో పనెవరు చేస్తారు? అమ్మకి మోకాళ్ళు. నీకు చెయ్యి. దానికి చెయ్యీ కాలూ..."

వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్నాడు. నాలుగో వేలు దగ్గరికి వచ్చి ఆగాడు. మడిచిన వేళ్ళ వైపు చూసుకున్నాడు. రెండో చేత్తో పట్టుకున్న వేళ్ళు, పదీ బాగున్న వేళ్ళు. ఇంట్లో ఉన్న ముగ్గురు ఆడవాళ్ళూ కూడా వాటినే చూస్తున్నారు.

జ్యోతిర్మయి ఫ్రిజ్ తెరిచి పాలపాకెట్టు తెచ్చి ఫారం మీద పెట్టింది. మళ్ళీ వెళ్ళి కత్తెర తెచ్చి దానిపక్కన పెట్టింది. ఒక చేత్తో తేవాలి కదా, రెండుసార్లు తిరగాల్సొచ్చింది.

"రెండు చేతులూ, రెండు కాళ్ళూ బాగున్నది ఈ ఇంట్లో మీకొక్కరికే," అంది.

అసిరి పెట్టెలోంచి రెండు కంచాలూ తీసి, ఒకటి చంకలో ఇరికించుకుని, ఒకటి చేత్తో పట్టుకుని అలమర వైపు నడిచింది. బండి లేదని ఆమెకి అర్థమైంది, కొంచెం చిన్నబుచ్చుకుంది. రమణబాబు పాకెట్టు ఎత్తాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఏ మూల కొయ్యాలి?" అన్నాడు.

ఇరవై నాలుగేళ్ళలో అతను ఇంటిపని గురించి ఆమెని అడిగిన మొదటి ప్రశ్న అది. "జాగర్తరా, ఒలకబొయ్యకు," అంది ముందుగదిలోంచి వాళ్ళమ్మ. జ్యోతిర్మయి కుర్చీ ఒకటి లాక్కుని, ఎవరూ చెప్పకుండానే, కూర్చుంది.